జ్వరం వచ్చిన గోడ

గోడకి జ్వరం వస్తుందా? చెప్పండి చూద్దాం. ఒక్కొక్కళ్లే చెప్పాలి, అందరూ కలిసి గోల చెయ్యడం కాదు.

రాదా? సరే. అయితే వినండి.

రెండు వీధులు కలిసే మూలమీద ఓ మేడ ఉండేదట. కింద తాళం పడిన గడియారాల కొట్టు, దాని వెనక ఇంటావిడ ఉండే గది, పైన ఒకే ఒక్క గది. ఆ గదికి మంచి పేరు లేదు. గడియారాలు బాగుచేసే ముసలాయన ఆ గదిలోనే, పడమటి గోడ పక్కన మంచంమీద కన్నుమూశాడు. ఆ మరుసటి వేసవిలో గోడలోంచి చప్పుడు మొదలైంది.

టిక్... టిక్‌టిక్... టిక్...

"తాత పోయాడు గానీ పని ఆపలేదు" అన్నారు వీధిలోవాళ్లు. అద్దెకు దిగిన ఇద్దరూ నెల తిరక్కుండా ఖాళీ చేశారు. రెండో ఆయనైతే చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తాడు.

అలాంటి గదిలోకి ఓ కుట్టుపనావిడ కోరి వచ్చి దిగింది, ఆరేళ్ల కూతురితో. ఎందుకంటారా? అంతకుముందున్న ఇంటి పక్కన పూలతోట. అక్కడ ఒక్క తేనెటీగ కుడితే పిల్ల మొహం గుమ్మడికాయలా వాచింది. ఊపిరి అందలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి బతికించారు. "ఇంకోసారి ఏ పురుగు కుట్టినా ఇంతకంటే ప్రమాదం, జాగ్రత్త" అని చెప్పి పంపాడు డాక్టరు.

ఆ రోజు నుంచి ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. చెట్టూ చేమా లేని చోటు కావాలని ఊరంతా తిరిగి, ఈ గది చూసుకుంది. చుట్టూ గోడలే. పువ్వన్నది లేదు.

"తాత సంగతి చెప్పారా అమ్మాయ్?" అంది ఇంటావిడ, తాళంచెవి ఇస్తూ.

"చెప్పారు పిన్నిగారూ. తాత కుట్టడు కదా."

మొదటి వారం బాగానే గడిచింది. పగలు పిల్లని బడికి పంపడం, రాత్రి కిటికీ దగ్గర మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం. మిషను దీపం వెలిగిందో లేదో, కిటికీ అద్దంమీద ఎవరో వేలితో కొట్టినట్టు—

టప్.

తలెత్తి చూస్తే ఎవరూ లేరు. మేడమీద కిటికీ, బయట నిలబడే చోటే లేదు.

టప్... టప్.

దీపం ఆర్పితే ఆగిపోయేది. వెలిగిస్తే మళ్లీ మొదలు. ఆవిడ తెర దించేసి, పళ్లు బిగించి కుట్టేసేది.

ఒక రాత్రి వెనక్కి తిరిగి చూస్తే పిల్ల మంచంమీద కూర్చుని గోడని జోకొడుతోంది.

"ఏం చేస్తున్నావే బుజ్జీ?"

"ష్... తాతకి జ్వరం. చూడు."

తల్లి లేచి వెళ్లి గోడమీద అరచెయ్యి పెట్టింది. బయట ముసురు, గదంతా చల్లగా ఉంది. మిగతా గోడ రాయిలా ఉంది. అక్కడ మాత్రం, పిల్ల తలకి పైన జానెడు మేర... వెచ్చగా ఉంది. మనిషి ఒళ్లులా వెచ్చగా.

చెవి ఆనించింది. టిక్‌టిక్ వెనకాల సన్నగా ఏదో మూలుగు.

చెయ్యి తీసేసింది. మర్నాడు అన్నకి కబురు పంపింది.

ఆ అన్న తాపీమేస్త్రీ. దెయ్యమంటే నవ్వుతాడు, గోడలో తప్పుందంటే మాత్రం నవ్వడు. సాయంత్రం సంచితో దిగి, గోడంతా తడిమి, వెచ్చటి చోటు కింద గోధుమరంగు మరక చూపించాడు.

"ఇదే మీ తాత! చెమ్మ. బయటినుంచి నీళ్లు దిగుతున్నాయి. ఎక్కడో కంత ఉంటుంది."

"చెమ్మ టిక్కుటిక్కుమంటుందా అన్నయ్యా?"

"ఒసే పిచ్చిదానా, ఇది రెండు పొరల గోడ, బయట ఇటుక, లోపల పలచటి చెక్కపలక. మధ్యలో ఖాళీ ఉంటుంది. అందులో చుక్కలు పడితే అనదూ?"

నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చూరు కింద, పాత గొట్టం తీసేసిన చోట, బొటనవేలు పట్టేంత కంత. చీకటి పడుతోంది. చినుకులు. మొహం పక్కనుంచి ఏదో ఝుమ్మని పోతే, తాపీతో అదిలించి "పో!" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కంత కనబడితే మేస్త్రీ చెయ్యి ఊరుకోదు. ముప్పై ఏళ్ల అలవాటు. లోపల ఏముందో చూడకుండా సిమెంటు ముద్ద పెట్టి, చదును చేసి, దిగిపోయాడు.

"అయిపోయింది! ఇవాళ మీ తాత హాయిగా నిద్రపోతాడు."

తాత నిద్రపోలేదు.

అర్ధరాత్రి దాటింది. మేస్త్రీ గుమ్మం దగ్గర చాపమీద గుర్రుపెడుతున్నాడు. ఆవిడ మిషను ముందు కూర్చుంది. టిక్‌టిక్ వినబడటం లేదు. దాని బదులు... గోళ్లతో అట్ట చింపుతున్నట్టు—

పర్... పర్ర్...

అది ఆగలేదు. ఒక చోటినుంచి కాదు, పది చోట్లనుంచి. మూలుగు పెరిగి పెరిగి గోడంతా రొద అయింది.

"అమ్మా" అంది పిల్ల మెల్లగా. గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. "తాతకి కోపమొచ్చింది."

మేస్త్రీ లేచాడు. మొహంలో నవ్వు లేదు. తాపీ పిడితో గోడమీద రెండుసార్లు కొట్టాడు. గుల్ల మోత. రొద రెండింతలైంది. మరకమీద వేలు పెట్టాడు.

వేలు లోపలికి పోయింది.

అక్కడ గోడ లేదు. రంగు పొర ఒక్కటే ఉంది, పాలమీద మీగడలా. ఆయన ఉలిక్కిపడి వేలు లాక్కున్నాడు. ఆ చిల్లులోంచి రెండు మీసాలు... ఆ తర్వాత నారింజరంగు తల... ఆ తర్వాత చిటికెన వేలంత ఒళ్లు, పసుపు చారలు. బయటికి పాకి, రెక్కలు దులుపుకుని, తిన్నగా మిషను దీపం చుట్టూ తిరిగింది.

కందిరీగ.

దాని వెనక ఇంకోటి. ఇంకోటి.

ఆ తల్లి తేనెటీగకి భయపడి వచ్చి, కందిరీగల గూటికి మంచం ఆనించి పిల్లని పడుకోబెట్టింది!

మేస్త్రీ భుజంమీద తువ్వాలు తీశాడు.

"కొట్టకు!" గుసగుసగా అంది. "ఒకదాన్ని కొడితే అన్నీ వస్తాయి... కదలకు అన్నయ్యా."

ఆలోచించింది. దీపం వెలిగితేనే అద్దంమీద టప్‌టప్. ఆర్పితే ఆగిపోయేది. వీటికి వెలుగు కావాలి.

మిషను దీపం ఆర్పేసింది. "తెర ఎత్తి ఒక కిటికీ రెక్క తెరువు... మెల్లగా. వీధి దీపం కనబడాలి."

చీకటి. రెక్కల ఝంకారం. కిటికీ గడియ కదిలిన చప్పుడు.

"అమ్మా... నా చేతిమీద ఏదో నడుస్తోంది."

పరుగెత్తి విదిలించాలనిపించింది ఆవిడకి. చేతులు రెండూ గుప్పిళ్లు పట్టి ఆపుకుంది.

"కదలకు బంగారం. ఊదకు. బొమ్మలా ఉండు."

"చక్కిలిగిలి పెడుతోంది."

"నవ్వకు తల్లీ... నాకోసం."

ఎంతసేపో తెలియదు. నడిచింది... ఆగింది... మళ్లీ నడిచింది. ఉన్నట్టుండి ఝుమ్మని లేచి, కిటికీలోంచి వీధి దీపం వైపు పోయింది.

ఆవిడ అప్పుడు ఊపిరి వదిలింది. దళసరి యూనిఫారం గుడ్డ పిల్ల తలమీదుగా చుట్టి, ఎత్తుకుని, పెళ్లినడకలాగా అడుగులో అడుగు వేస్తూ బయటికి నడిచింది. అన్న వెనకాలే వచ్చి తలుపు మూశాడు. తలుపు కింది సందులో చేతికందిన గుడ్డలన్నీ కుక్కారు. ఇంటావిడ గదిలో, దీపం కింద, పిల్లని నఖశిఖపర్యంతం వెతికింది తల్లి. ఒక్క కాటు లేదు. అప్పటికి గానీ ఏడుపు రాలేదు ఆవిడకి.

మర్నాడు పొద్దుగూకాక ఒళ్లంతా కప్పే తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చి గోడ విప్పారు. లోపల కడవంత గూడు, అయిదు అంతస్తులు. చెక్కపొట్టు నమిలి చేసిన కాగితంతో కట్టుకున్నాయి. టిక్‌టిక్ అంటే, వాటి పిల్లపురుగులు ఆకలేసి గూటి అరల గోడలు గీకడం. జ్వరం అంటే, పిల్లల కోసం గూటిని వెచ్చగా ఉంచుకోవడం. మరక వాటి మురికి. టప్‌టప్ సంగతి మీకు ముందే తెలుసు.

"వాటి మానాన వాటిని వదిలేస్తే చలికాలానికి గూడు దానంతటదే ఖాళీ అయ్యేది. దారి మూశారు. అవి ఇంకో దారి తవ్వుకున్నాయి, అంతే" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "ఈ సిమెంటు పని ఎవరిదండీ? బ్రహ్మాండంగా ఉంది."

మేస్త్రీ తల దించుకున్నాడు. ముప్పై ఏళ్లలో తన పనితనం మెచ్చుకుంటే సిగ్గుపడటం అదే మొదటిసారి.

"నిజంగా తాతే అయ్యుంటే ఎంత బాగుండేది!" అందట ఆ తల్లి.

భయమేసిందా? కొంచెం వెయ్యాలి. ఇవాళ రాత్రి మిమ్మల్నందర్నీ ఈ ముందుగదిలో ఎందుకు పడుకోమన్నాననుకున్నారు? దీపం ఎందుకు వెయ్యనివ్వలేదు? పెరటిగది కిటికీ పైన ఒక కంత ఉంది. పొద్దున్నుంచీ అందులోకి ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి, చారలవి. అరవకండి. రేపు గూళ్లు తీసే పనివాళ్లు వస్తారు. దారి తెరిచి ఉన్నంతవరకూ వాటి గొడవ వాటిదే, మన గొడవ మనదే.

తెరిచే ఉంది కదా?

ఏమే చిన్నీ, ఎందుకలా అక్క వెనక నక్కుతున్నావు?

"కొంచెం మట్టే, అమ్మమ్మా..."

ఎప్పుడు?

"సాయంత్రం. ఆడుకుంటూ."

...సరే. ఏడవకు. నిన్నెవరూ ఏమీ అనరు. అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇక్కడే ఉండండి. పెరటిగది తలుపు కింద సందుకి గుడ్డలు కుక్కుతూ, మీరు పిలిస్తే సగంలో వదిలేసి వచ్చాను. ముందు వెళ్లి అది పూర్తిచేసి వస్తాను.