మూడో గొట్టం

పెత్రమాస నాడు రాజేశ్వర్ రావు మట్టెవాడలోని గిన్నెల దుకాణం తెరవడు. తలస్నానం చేసి, దుకాణం వెనక ఇంట్లో పీట మీద కూర్చుని, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాడు. ముప్పై ఏండ్లుగా తప్పలేదు. పోయినవాళ్లను మరువని మనిషని వాడకట్టులో పేరు. పేరు వేరు, మనిషి వేరు.

తమ వంశం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని ఆ ఎండకాలం బిడ్డ నవ్య డీఎన్ఏ పరీక్ష పెట్టె తెప్పించింది. తన ఉమ్మి ఒక గొట్టంలో, తండ్రిది ఒక గొట్టంలో పట్టి పంపింది.

సరిగ్గా పెత్రమాస పొద్దున, అయ్యగారు వచ్చి కూర్చున్నాక, ఫోన్‌లో రిపోర్టులు వచ్చాయి. రెండు కాదు, మూడు. మూడో మనిషి రాజేశ్వర్ రావుకు కూతురని ఉంది.

"డాడీ, ఇంకో ఇల్లు గిట్ల పెట్టినవా ఏంది?" అని నవ్య నవ్వింది.

కింది వరుస చదివాక నవ్వు ఆగింది. నవ్యకూ ఆ మూడో మనిషికీ తల్లి ఒక్కతే. కంపెనీకి ఫోన్ చేస్తే, పెట్టెలో మూడు గొట్టాలే వచ్చాయన్నారు. మూడో దాంట్లో ఉమ్మితో పాటు మట్టి ఉందన్నారు.

బీరకాయలు కోస్తున్న తల్లి భవాని కత్తిపీట వదిలి లేచింది. ఆమె తొలికాన్పు వర్ధన్నపేటలో, తల్లిగారింట్లో. స్పృహ వచ్చేసరికి బిడ్డ లేదు. చచ్చి పుట్టిందని, తానే పాతిపెట్టి వచ్చానని భర్త చెప్పాడు. ఆడపిల్లయితే నవ్య అని పిలవాలని ఆమె కడుపుతో ఉన్నప్పుడే అనుకుంది. రెండేండ్లకు పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుకున్నారు.

భవాని భర్త పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ పొద్దు... బిడ్డ ఏడ్చిందా?"

ఇల్లంతా గారెల వాసన. దాని అడుగున ఇంకేదో... తడిమట్టి. చనుబాలు.

ఏడ్చింది. గుంటలో కూడా ఏడ్చింది. నోట్లో మన్ను పడేదాకా.

తప్పు చేసినవాడికి ఒప్పుకునే ఘడియ ఒకటి వస్తుంది. దాన్ని దాటేస్తే తప్పు రెండవుతుంది.

"లేదు, ఏడ్వలే" అన్నాడు రాజేశ్వర్ రావు.

అయ్యగారు బియ్యం పెట్టిన విస్తరాకుల వైపు చూసి ఆగాడు. "నాలుగోది ఎవరి పేరున?"

రాజేశ్వర్ రావు పెట్టింది మూడు ఆకులే. నాలుగో ఆకులో బియ్యం గుప్పెడు. దాని మీద నొక్కినట్టు ఐదు వేళ్ల గుర్తు... చింతగింజలంత వేళ్లు.

"ఎవలదీ కాదు" అని ఆ బియ్యం తీసి లోపలి అర్ర గడప అవతలికి విసిరేశాడు. చెయ్యి తడైంది. బియ్యం పొడివే.

భవాని ఆయన చేతినే చూస్తోంది.

నీళ్లు వదలాలి. చెంబు లేదు.

"నవ్యా, నీళ్లు తే."

ఎదురుగా ఫోన్ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల తల ఎత్తలేదు.

"నవ్యా..."

ఈసారి తల ఎత్తింది. వేరే ఎవరినో పిలుస్తున్నారనుకుని, ఎవరా అని చుట్టూ చూసింది.

లోపలి అర్రలో చెంబు కదిలింది. నీళ్లు ముంచిన చప్పుడు. తడి కాళ్ల అడుగులు...

"వస్తున్న, బాపూ."

నవ్య ఆయన్ను ఏనాడూ బాపూ అని పిలవలేదు.