నలభయ్యో దేవదూత

సూర్యప్రభ మా ఇంటికి మొదటిసారి వచ్చింది నాతో పోట్లాడడానికే.

నేను చెక్కి, ఇంకా రంగు వేయకుండా పంపిన నమూనా బొమ్మను అరుగు మీద నా ముందు నిలబెట్టి, చేతులు కట్టుకుంది.

"ఇదేంది?"

"దేవదూత."

"దేవదూతకు ఈ ముక్కేంది? గరుత్మంతుడు వేషం మార్చుకొని వచ్చిండా?"

తప్పు నాదే. హుస్సేనీ ఆలంలో గుడి వాహనాలు చెక్కి రంగులు వేసే ఇల్లు మాది. రెక్కలు అనగానే నా ఉలి అలవాటు కొద్దీ గరుడ వాహనం వైపు పోయింది.

"ముక్కుదేముంది టీచరమ్మా, రెండు దెబ్బలు కొడితే చిన్నగైతది. రెక్కలు చూడుండ్రి. ఈ పట్నంల ఇంత మంచిగ ఎవడు చెక్కుతడు?"

"మీకు మీ మీద మస్తు నమ్మకమున్నట్టుంది."

"పని వచ్చినోనికి ఉండదా మరి?"

ఆమె నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి బొమ్మ వైపు తిరిగింది. నా పని ఆ క్షణమే అయిపోయింది. 1957 జూన్ నెల, వానలింకా సరిగా మొదలు కాలేదు.

సూర్యప్రభ మా పక్క గల్లీ వామన్‌రావు వకీలుగారి అమ్మాయి. చర్చి బడిలో డ్రాయింగ్ చెప్పేది. ఆ చర్చి పైకప్పు పాతబడి, వానొస్తే ప్రార్థనకు వచ్చినవాళ్లు గొడుగులు పట్టుకుని కూర్చునేవారు. దాన్ని బాగు చేయించడానికి చేత్తో చేసిన దేవదూతల ఎగ్జిబిషన్ పెడదామని ఆలోచన. బొమ్మలు మేము చెక్కాలి, జరీ అంగీలు ఆమె దగ్గర చదివే ఆడపిల్లలు కుట్టాలి.

చర్చి పెద్ద సోమయ్యగారికి ఇది నచ్చలేదు. "గుడి పని చేసెటోళ్లకు మా దేవదూతలేం తెలుసు? మద్రాసు నుంచి తెప్పిద్దాం" అన్నారట. సూర్యప్రభ అందరి ముందు లేచి, "మన గల్లీ చేతులే చేస్తయి. మంచిగ రాకుంటే పూచీ నాది. బడి మానేస్త" అన్నది. నలభై బొమ్మల మీద ఆమె మాట నిలబడి ఉంది.

ప్రతి శనివారం పని చూడడానికి వచ్చేది. దుమ్ము పడకుండా ముఖాలకు మల్లుగుడ్డ చుట్టి ఉంచడం మా ఇంటి పద్ధతి. అందుకని ఆమెకు కనిపించేవి రెక్కలూ, చేతులూ, నేనూ.

"ముఖాలు గిట్ల ఎవరు రాస్తరు?" అని అడిగింది ఒకరోజు.

"తల నుంచి కాలిదాంక అంతా నేనే."

"మీ బాపు ఏం చేస్తరు మరి?"

"కూసోని చూస్తడు. నా పనిల వంక దొరుకుతదా అని."

లోపల్నుంచి బాపు దగ్గు వినిపించింది. ఎందుకంటే నేను చెప్పింది అబద్ధం. మా ఇంట్లో కళ్లు రాసే కుంచె బాపుది. బాపుకు ముందు తాతది. నాకు ఇరవై ఆరేళ్లొచ్చినా, గుర్రం వాహనం కంటికి కూడా ఆ కుంచె నా చేతికివ్వలేదు. ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను. శనివారం శనివారం ఆమె చూపు నా చేతుల మీద నిలుస్తుంటే, చిన్నబోవడానికి నాకు మనసొప్పలేదు.

ఎగ్జిబిషన్ రోజు రానే వచ్చింది. పొద్దున్నే బొమ్మలన్నీ చర్చి హాల్లో బల్లల మీద వరసగా నిలబెట్టాం. బాపు గుడిలో పని చూసుకుని వస్తానని వెళ్లాడు. బయట సన్నగా వాన. సూర్యప్రభ మొదటి బొమ్మ ముఖం మీది గుడ్డ తీసింది. రెండోది తీసింది. తర్వాత గబగబా పది తీసింది.

ఒక్కదానికీ కళ్లు లేవు.

"వైకుంఠంగారూ, ఏంది ఇది?"

"ఏమైంది? ఇప్పుడే గద నిలబెట్టినం. నిలబెట్టినంక గద కండ్లు తెరిచేది."

నిజంగానే నాకు ఆమె కంగారు అర్థం కాలేదు. ఏ బొమ్మయినా తన చోట నిలబడ్డాకనే మేము కళ్లు రాస్తాం. అది వేరే చెప్పాలని మా ఇంట్లో ఎవరికీ తోచదు, అన్నం చేత్తో తినాలని ఎవరూ చెప్పనట్టే.

సోమయ్యగారు వెనకనుంచి వచ్చి చూశారు. "నేను మొదలే చెప్పిన" అని ఒక్క మాటన్నారు. సూర్యప్రభ ముఖం పాలిపోయింది.

"ఇంకో గంటల జనం వస్తరు" అంది నెమ్మదిగా. "అన్నీ మీరే రాస్తనన్నరు గద. రాయండి."

నెలరోజులు కోసిన కోతల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. సోమయ్యగారూ, పాస్టర్ అయ్యగారూ, జరీ అంగీలు కుట్టిన ఆడపిల్లలూ అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకు రాదు" అన్నాను. "అంటే, ఎన్నడూ రాయలే. ఆ కుంచె బాపుది. మీ ముందర గొప్పలు చెప్పిన."

"ఎందుకు?"

"మీరు చూస్తుండ్రి గద, అందుకు."

నేను వానలోనే గుడికి పరిగెత్తి, జరిగిందంతా ఒక్కటి దాచకుండా బాపుతో చెప్పాను. బాపు తలపాగా సర్దుకుని, కుంచెల సంచీ తీసుకుని నాతో నడిచాడు.

హాల్లోకి వచ్చేసరికి జనం అప్పుడే గుమికూడుతున్నారు. యాకుత్‌పురా నుంచి, కార్వాన్ నుంచి కూడా వచ్చారు. పాస్టర్ అయ్యగారు బాపు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"జగన్నాథంగారూ, మంత్రాలు గిట్ల చదువుతరా?"

"మంత్రాలు గుడిల, అయ్యగారూ. ఈడ కుంచె ఒక్కటే."

"అయితే ఫికర్ లేదు" అన్నారాయన.

బాపు సంచీలోంచి సన్నకుంచె తీశాడు. తీసి నా వైపు చాపాడు.

"నేనా?"

"గొప్పలు చెప్పెటోనికి కండ్లు రాసే కుంచె ఇయ్యొద్దని మీ తాత అన్నడు. ఇయ్యాల నలుగురిల నిజం చెప్పినవట. పట్టు."

నా కళ్లు చెమర్చాయి. నా ముప్ఫై రోజుల గొప్పలకన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువైంది.

కళ్లు రాసేవాడు బొమ్మకు ఎదురుగా నిలబడడు. వెనకనుంచి చెయ్యి చాపి, ముందున్న అద్దంలో చూస్తూ రాస్తాడు. అద్దం దించగానే తొలిచూపు ఎవరి మీద పడితే ఆ బొమ్మ వాళ్లింటికి మంచిదని మా నమ్మకం. బాపు ఈ సంగతి చెప్పగానే సూర్యప్రభకు ప్రాణం లేచొచ్చింది. అద్దం తన చేతుల్లోకి తీసుకుని జనం వైపు తిరిగింది.

"వరసల నిలబడండి. ఏ బొమ్మ కొంటరో దాని ముందరికి రాండ్రి. అది కండ్లు తెరిచి మొదలు మిమ్మల్నే చూస్తది."

ఇంకేముంది, ఆ వరస హాలు దాటి వానలోకి పోయింది. కొననివాళ్లు కూడా చూడడానికి నిలబడ్డారు. ఒక ముసలామె తనవైపు చూసిన దేవదూతను కొంగులో చుట్టుకుని మనవరాలికి కూడా చూపించలేదు. మధ్యాహ్నానికి సోమయ్యగారే వరసలో కనిపించారు. అద్దం దించకుండా ఆయన్ను కొంచెం ఎక్కువసేపు నిలబెట్టి సూర్యప్రభ కసి తీర్చుకుంది.

సాయంత్రానికి ఒక్క బొమ్మ మిగిలింది. మొట్టమొదటిది, ఆ ముక్కుది. ఎంత చెక్కినా దానికి గరుత్మంతుడి పోలిక పోలేదు.

నేను కుంచె ముంచాను. ఆమె అద్దం పట్టుకుంది. వెనక కొనేవాళ్లు ఎవరూ లేరు.

"దీని ముందర ఎవరు నిలబడతరు?" అన్నాను.

"నేను లేనా?"

రెండో కన్ను రాస్తుంటే నా చెయ్యి వణికింది. ముప్ఫై తొమ్మిదింటికి వణకని చెయ్యి. ఆమె అద్దం దించలేదు.

"మీరు గూడ ఇటు రాండ్రి" అంది.

"ఇద్దరి మీద చూపు పడితే ఎట్ల టీచరమ్మా? బొమ్మ ఒక్క ఇంటికే పోవాలె."

"ఒక్క ఇంటికే అంటున్న."

వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె అద్దం దించింది. కుంచెలు కడుగుతున్న బాపు తల ఎత్తకుండానే అడిగాడు.

"బిడ్డా, మీ బాపు కోర్టు నుంచి ఎన్నింటికొస్తడు?"

క్రిస్మస్‌కు చర్చి కొత్త కప్పు కింద పాటలు పాడారు. ఒక్క చుక్క కారలేదు. ఆ బొమ్మ ఇప్పటికీ మా గూట్లో ఉంది. కుడికన్ను కొంచెం వంకర. సరిచేస్తానంటే సూర్యప్రభ ఒప్పుకోదు.