రమాబాయి మోచేతి ఎత్తు

ఆ రోజు కూడా రమాబాయి ఎప్పటిలాగే నాలుగున్నరకు లేచింది. పత్తర్‌గట్టి సందులో ముప్ఫై రెండేళ్లుగా ఉంటున్న అద్దె ఇంటి వాకిలి ఊడ్చి ముగ్గు వేసింది. ఖాళీ చేసే ఇంటికి ముగ్గెందుకని కూతురు గోదా అడిగితే, "నెలాఖరు దాంక మనదే గద" అని తాళంచెవి కొంగున ముడేసుకుంది. చాయ్ దించి పొయ్యి ముందు నుంచి లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. గోడ పట్టుకుని లేచింది.

మాదన్నపేటలో కొత్త ఇల్లు తయారైంది. భర్త సదాశివరావు సర్కారు కచేరీలో పేష్కారుగా రిటైరయ్యి ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆయన కాపురం ఆ ఇటుకల మధ్యనే. ఆరడుగుల మనిషి, అంతకు మించిన గొంతు. అంతకుముందు కచేరీలో చప్రాసీల మీద పడ్డ కేకలు ఇప్పుడు మేస్త్రీ బీరయ్య మీద పడ్డాయి. రమాబాయి మాత్రం ఆ ఇంటి గడప చూడలేదు. చూస్తానని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఒకటే జవాబు.

"పని నడిచేకాడ ఆడోళ్లకేం పని? గృహప్రవేశం నాడు చూద్దువుగని."

ఇదెక్కడి న్యాయమండీ? రేపటి నుంచి ఆ ఇంట్లో పొద్దస్తమానం ఉండేది ఆవిడ! గోడ ఎక్కడ లేస్తోందో కూడా ఆవిడకు తెలియకూడదట!

ఎనిమిదింటికి గృహప్రవేశం ముహూర్తం. కొత్త ఇంటి నిండా చుట్టాలు, ఇరుగుపొరుగు నిండిపోయారు. పంతులు హోమం ముగించి, ఇక ఇల్లాలు పాలు పొంగించాలన్నాడు. సదాశివరావు ముందు నడిచి వంటింటి తలుపు తోశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూడు రమా! మా పెద్ద సాబు బంగళల చూసిన, గట్లనే కట్టిపిచ్చిన. ఇంక కింద కూసునుడు లేదు, నిలబడే వంట. నీ మోకాళ్ల ఫికర్ ఇయ్యాల్టితోని ఖతం."

నున్నటి షాబాదు బండ వేసిన పొయ్యి గట్టు. దాని మీద కుంపటి, కుంపటి మీద కొత్త ఇత్తడి గిన్నె. చుట్టాలు ఆహా అన్నారు. పాలచెంబు పట్టుకుని రమాబాయి దగ్గరికి వెళ్లింది. గట్టు ఆమె ఛాతీ దాకా వచ్చింది. మడమలెత్తి, చెయ్యి పైకి చాచి, ఎలాగో పాలు పోసింది. సగం పాలు మోచేతి మీదుగా కారి పట్టుచీర తడిసింది. తలెత్తి చూస్తే గిన్నె అడుగు తప్ప ఏమీ కనిపించలేదు.

"పాలు నాకు కనబడ్తలెవ్వు," అంది నెమ్మదిగా.

సదాశివరావు వెనక్కి తిరిగి చుట్టాలను చూశాడు. ఎవరో మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"ముహూర్తం దాటిపోతది. గోదా, గా పీట తెచ్చి ఎయ్యి. రమా, దానిమీదెక్కి నిలబడు!"

గోదా పీట తెచ్చి గట్టు ముందు పెట్టింది. రమాబాయి ఆ పీటను చూసింది, మొగుణ్ని చూసింది. పాలచెంబు నేల మీద ఠంగుమని పెట్టింది.

"నా ఇంట్ల నేను పీటెక్కి వంట చెయ్యాల్నా?"

"లొల్లి చెయ్యకు. అందరు చూస్తున్నరు."

"చూడనియ్యండ్రి! చూద్దామనే గద వచ్చిన్రు! దినాం మూడు పూటలు, మరిగే పులుసు ముందట, ఈ మోకాళ్లతోని పీటెక్కి దిగాల్నా? పడితే ఎవరు లేపుతరు? మీరా?"

"నీ మోకాళ్ల కోసమే కట్టిన!" ఆయన గొంతు కప్పుకు తగిలింది. "ఎండల నిలబడి, ఆరు నెలలు నిద్ర లేక కట్టిన! దానికి ఇదా నువ్వనే మాట?"

"నా కోసమే అయితే నన్నెందుకు అడుగలే?"

ఆయన మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు. "బీరయ్యా! ఏం కొలత పెట్టినవ్‌రా? కండ్లు లేవా నీకు?"

కొత్త పంచె కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ బీరయ్య చేతులు కట్టుకున్నాడు. కానీ మాట దాచలేదు.

"మీ నడుం కాడికే గీత పెట్టిన సాబ్. మీరే నిలబడ్డరు. అమ్మను ఒక్కపాలి తోల్కరాండ్రి, కొలత చూసుకుంటనని రెండుసార్లు చెప్పిన. 'ఆమెకేం తెలుస్తది, నా కొలత పెట్టు' అన్నరు."



"విన్నరా?" రమాబాయి మొగుడి వైపు తిరిగింది. "పొద్దుగాల చూసిన, పెరటి గొళ్లెం నాకందదు. దీపం గూడు అందదు. ముప్ఫై రెండేండ్లు వండిపెట్టిన, నేనెంత ఎత్తు ఉంటనో తెల్వదా మీకు? ఈ ఇంట్ల మీరే ఉండుండ్రి. నేను పత్తర్‌గట్టికి పోత." కొంగు ముడి విప్పి తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, ఆగు," అంది గోదా ఏడుపు గొంతుతో. "బాపూ, చెప్పు నువ్వన్న!"

సదాశివరావు భార్య చీర మీద పాల తడి చూశాడు. మడమలెత్తి నిలబడినందుకు ఆమె కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఎవరి మోకాళ్ల కోసం కట్టానన్నాడో ఆ మోకాళ్లే. ఆయనకు సిగ్గేసింది. అంతమందిలో తల ఎత్తలేనంత సిగ్గు.

"బీరయ్యా, గడ్డపార తే. ఈ గట్టు తీసెయ్యి."

పంతులు అడ్డొచ్చాడు. "శుభమా అని గృహప్రవేశం చేస్తూ పొయ్యి కూలగొడతారా? అరిష్టం!"

"పాలు పొంగితేనే గద పంతులూ అది పొయ్యి? ఇంకా పొంగలే. ఇప్పుడది ఉత్త బండ," అన్నాడు సదాశివరావు.

పంతులు ఆలోచించి పక్కకు జరిగాడు.

కుంపటి దింపి సదాశివరావే మోసుకెళ్లి తూర్పు వాకిట్లో పెట్టాడు. పీట తెచ్చి దాని ముందు వేశాడు. "కూసో," అన్నాడు. అది కేక కాదు. రమాబాయి తాళంచెవి గుప్పిట్లోంచి వదల్లేదు. గోదా భుజం పట్టుకుని పీట మీద కూర్చుని మిగిలిన పాలు పోసింది. ఈసారి అన్నీ కనిపించాయి. అంచున నురగ, పైకొచ్చే పొంగు, గిన్నె వెంట కారి నిప్పుల మీద చుయ్యిమన్న పాలు.

చుట్టాలు భోజనాలకు కదిలాక, ఆయన కుంపట్లోంచి చల్లారిన బొగ్గు ముక్క ఒకటి ఏరుకుని ఆమెను వంటింటి గోడ దగ్గరికి పిలిచాడు.

"మోచెయ్యి వంచు. కొత్త గట్టు కట్టేది దానికి జానెడు కింద, అండ్లకెల్లి కుంపటెత్తు గూడ తీసేసి. బీరయ్య చెప్పిండు."

ఆమె ఎటో చూస్తూ మోచెయ్యి వంచింది. దాని ఎదురుగా గోడ మీద గీత పెట్టడానికి ఆ ఆరడుగుల మనిషి వంగాల్సి వచ్చింది. ఇంత కిందికా! ముప్ఫై రెండేళ్లలో ఒక్కనాడూ ఆమె పక్కన వంగి చూడలేదు. కళ్లనీళ్లు తుడుచుకున్న ఆయన చెయ్యి గీతకు తగిలి బొగ్గు చెదిరింది.

"తప్పయింది రమా."

"మళ్ల పెట్టుండ్రి, చెదిరింది," అంది రమాబాయి. కోపం ఇంకా పోలేదు. కానీ తాళంచెవి ఆయన జేబులో వేసింది. "అద్దె ఇల్లు అప్పజెప్పి రాండ్రి. వచ్చినంక గొళ్లెం కాడ గీత పెడుదురు. దీపం గూడు కాడ పెడుదురు. ఇంక మస్తున్నయి, అన్నీ చెప్త."

"చెప్పు," అన్నాడాయన, వంగిన నడుం ఎత్తకుండానే.