చివరి వరసలో చెయ్యి

శ్రీనగర్ కాలనీలో ఆ ఆదివారం కూడా మామూలుగానే తెల్లవారింది. పాల ప్యాకెట్లు వచ్చాయి, నీళ్ల మోటారు మోగింది, పైవాటా వాళ్ల కుక్క అరిచింది. మామూలుగా లేనిది ఒక్కటే. డెబ్బై తొమ్మిదేళ్ల పట్టాభిరామయ్య ఏడింటికే స్నానం ముగించి, పెట్టెలోంచి పట్టు కండువా తీసి, అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

ఆ శబ్దం వంటింటి దాకా వచ్చింది. అక్కడ కాఫీ తాగుతున్న కొడుకు శ్రీకృష్ణ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"తాతయ్యా, మైక్ టెస్టింగా?" హాల్లోంచి మహతి అరిచింది.

"నాకు మైకెందుకే పిచ్చిదానా! మీ నాన్నకి కావాలి మైకు. మూరెడు దూరం దాటితే వాడి గొంతు వాడికే వినపడదు."

మనవరాలు పగలబడి నవ్వింది. శ్రీకృష్ణ నవ్వలేదు. ఫిలింనగర్‌లో అతను పేరున్న డబ్బింగ్ ఆర్టిస్టు. పరభాషా నటులకి తెలుగు గొంతు ఇస్తాడు. అతని గొంతు గంభీరంగా ఉంటుందని అందరూ అంటారు. అది ఎవరి నుంచి వచ్చిందో అతనెప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కనక, అని తనకి తాను సర్దిచెప్పుకునేవాడు.

"ఇంకో విషయం నాన్నా," మహతి లోపలికొచ్చింది. "సాయంత్రం తాతయ్య గొంతిచ్చిన సినిమా ప్రివ్యూకి భూలక్ష్మిగారిని కూడా పిలిచాను. ఎర్రగడ్డలో వాళ్లబ్బాయి దగ్గరుంటున్నారట. ఆటో కట్టుకుని అయినా వస్తానన్నారు."

"ఆవిడెందుకు?" అన్నాడు శ్రీకృష్ణ.

"అదేంటి! నాటకంలో తాతయ్య రాజు వేసినన్నాళ్లూ చిన్నకూతురి వేషం ఆవిడదే కదా. ఆయన గొంతు మళ్లీ వినాలని ఆవిడకి ఉండదా?"

తెనాలిలో పట్టాభిరామయ్య ఇంగ్లిష్ లెక్చరర్. షేక్‌స్పియర్‌ని తానే తెలుగులోకి దించి, నాటక పరిషత్తు పోటీల్లో ముప్ఫై ఏళ్లు ఆడాడు. కూతుళ్లకి రాజ్యం పంచేసి రోడ్డున పడ్డ ముసలి రాజు వేషం ఆయనకి పెట్టింది పేరు. రిహార్సల్స్‌కి చిన్న శ్రీకృష్ణని వెంట తీసుకెళ్లి, టౌన్‌హాల్లో చివరి వరసలో నిలబెట్టేవాడు. స్టేజీ మీంచి ఒక మాట అని, "వినపడిందా కృష్ణా?" అని అడిగేవాడు. వినపడితే చెయ్యి ఎత్తాలి. అదీ వాడి ఉద్యోగం. తండ్రి గుసగుసలాడినా ఆ గుసగుస కుర్చీల మీదుగా నడిచొచ్చి చెవిలో కూర్చునేది. వాడు చెయ్యి ఎత్తని రోజు లేదు.

మహతి వెళ్లిపోయాక భువన స్టవ్ ఆపి భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, మూడు వారాలుగా చూస్తున్నాను. మీరు మామయ్యగారి మొహంలోకి చూడట్లేదు."

"పని ఒత్తిడి."

"పని ఒత్తిడైతే నా మొహం కూడా చూడకూడదు కదా. నన్ను చూసి బాగానే విసుక్కుంటున్నారు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఆయన్ని ఇవాళ ఆపు భువనా. ఏసీలో దగ్గొస్తుందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"ఎందుకు?"

"సినిమాలో ఉన్నది ఆయన గొంతు కాదు. నాది," అన్నాడు.

మూడు వారాల కిందటి మాట. సుహాస్ అనే కొత్త దర్శకుడు తీసిన సినిమాలో ఒక ముసలి రంగస్థల నటుడు, ఆ రాజు వేషంలో, చిన్నకూతురి ముందు తల వంచి క్షమించమని అడిగే ఘట్టం ఉంది. తెర మీద నటుడు మరాఠీవాడు. "అసలైన స్టేజీ గొంతు కావాలి సార్, మీ ఫాదర్ చేసేవారటగా?" అని సుహాసే అడిగాడు. పట్టాభిరామయ్య ఆ రోజు కొత్త పెళ్లికొడుకులా వచ్చాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టించుకుని, అద్దం అవతలి గదిలో మైకు ముందు నిలబడ్డాడు. నిలబడి, వెయ్యిమందికి వినిపించేలా మాట్లాడాడు.

ఇంజినీరు సాయిశ్రీనివాస్ మీటరు చూసి తల పట్టుకున్నాడు. "అన్నా, ముల్లు ఎర్రగీత దాటుతుంది. జర తగ్గమను."

చెప్పారు. ఆయన తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు కూడా చివరి వరస దాకా వెళ్లేదే. నాలుగో టేకు అయ్యాక ఆయన, నోటికి జానెడు దూరంలో మైకు ఉండగా, అద్దం వైపు చూసి ఆశగా అడిగాడు: "వినపడిందా కృష్ణా?"

అద్దం ఇవతలి చీకటి గదిలో అందరూ నవ్వారు. శ్రీకృష్ణ కూడా నవ్వాడు.

మర్నాడు ఒక్కడే వెళ్లి, తండ్రి విరుపులన్నీ గుర్తు తెచ్చుకుని, మెత్తగా, ఆ డైలాగులు తనే చెప్పేశాడు. సుహాస్ కావలించుకున్నాడు. "నీ గొంతు ముందు ఏది ఆగుతది అన్నా," అన్నాడు సాయి. ఆ మాట తియ్యగా ఉంది. అదీ అతను భువనకి చెప్పలేకపోయిన సంగతి. టైటిల్స్‌లో మాత్రం 'గాత్రం: పట్టాభిరామయ్య' అని ఉంచమన్నాడు. దాన్ని దయ అనుకున్నాడు.

"ఇప్పుడే వెళ్లి చెప్పండి," అంది భువన. "అక్కడికెళ్లాక పదిమందిలో తెలిస్తే ఆ మనిషి ఏమైపోతాడు?"

"ఎవరికీ తెలీదు భువనా. నా గొంతుకీ ఆయన గొంతుకీ ఎవరూ తేడా పట్టలేరు."

"ఆయన పట్టలేరా?"

శ్రీకృష్ణ లేచి తండ్రి గది దాకా వెళ్లాడు. "నాన్నా..."

పట్టాభిరామయ్య కండువా సర్దుకుంటూ ఆగాడు. ఏదో వినడానికి సిద్ధమైనట్టు కుర్చీలో కూర్చుని, కొడుకునే చూశాడు. ఆ చూపు కొంచెం ఎక్కువసేపు నిలిచింది.

"ఏంట్రా, చెప్పు."

"కారు నాలుగింటికి."

"సరే," అన్నాడాయన. మళ్లీ అద్దం వైపు తిరిగాడు.

ఫిలింనగర్‌లో ప్రివ్యూ థియేటరు గుట్ట మీద ఉంది. భూలక్ష్మి మెట్ల దగ్గర ఎదురుచూస్తోంది. డెబ్బై దాటినా నడుం వంగలేదు. "మహారాజా!" అంటూ చేతులు జోడించింది. "రాజ్యం పోయినా కండువా పోలేదే!"

"నువ్వే నయమమ్మా. ఆ రెండో కూతురు ఫోను కూడా ఎత్తదు," అన్నాడు పట్టాభిరామయ్య. మహతి నవ్వలేక పొట్ట పట్టుకుంది.

లోపల దీపాలారాయి. టైటిల్స్‌లో తాతయ్య పేరు పడగానే మహతి ఈల వేసింది. శ్రీకృష్ణ తండ్రి పక్కనే కూర్చున్నాడు గాని, వాళ్ల మధ్య ఉన్న కుర్చీ చెయ్యి మీద మోచెయ్యి ఆనించలేకపోయాడు. ఆ ఘట్టం వచ్చింది. తెర మీద ముసలి రాజు మోకరిల్లాడు. తన గొంతు, తండ్రి విరుపులు తొడుక్కుని, హాలంతా నిండింది. ఇన్నేళ్లూ తన గొంతు తనకి నచ్చేది. ఇప్పుడది ఇంకొకరి చొక్కా వేసుకుని వాళ్లింటికే భోజనానికి వెళ్లినట్టుంది. రాజు ఆగాడు, ఊపిరి పీల్చాడు, "క్షమించు తల్లీ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక అందరూ బయట మెట్ల మీదికి వచ్చారు. ఎవరెవరో వచ్చి పట్టాభిరామయ్య చెయ్యి కుదిపి వెళ్తున్నారు. ఆయన అందరికీ నమస్కారం పెడుతున్నాడు. భూలక్ష్మి మాత్రం నుదురు చిట్లించి నిలబడింది.

"బావుంది పట్టాభిగారూ. కానీ ఒక్కటి అడగనా? 'క్షమించు' ముందు మీరు ఊపిరి తీసుకున్నారేంటి? ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ అక్కడ తీసుకోలేదు. ఊపిరి అయిపోయాకే ఆ మాట రావాలని మాకు పాఠాలు చెప్పిందే మీరు."



పట్టాభిరామయ్య చిన్నగా నవ్వాడు. "వయసమ్మా భూలక్ష్మీ. ఊపిరి చాల్లేదు. తప్పయింది."

ముప్ఫై ఏళ్లు ఒక్క ఊపిరి తప్పని మనిషి, చెయ్యని తప్పుని కండువాలా భుజాన వేసుకున్నాడు. అది చూశాక శ్రీకృష్ణకి అబద్ధం మొయ్యడం చేతకాలేదు.

"తప్పు ఆయనది కాదండీ. ఆ గొంతు నాన్నది కాదు. నాది. ఆయన చెప్పింది తీసేసి నేను చెప్పాను. ఆయనకి చెప్పలేదు."

మహతి తండ్రిని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. "నాన్నా, అబద్ధం కదూ?" అతను తల దించుకున్నాడు. "ఛీ," అని మొహం తిప్పుకుని తాతయ్య చెయ్యి పట్టుకుంది.

"ఛీ అనకూడదే," అన్నాడు పట్టాభిరామయ్య మెల్లగా. "నాకు తెలుసు."

"ఇందాక విన్నాక తెలిసిందా నాన్నా?"

"కాదురా. ఆ రోజే. మీ ఇంజినీరు నాతో మాట్లాడే స్విచ్చి ఆపడం మర్చిపోయాడు. మీ గదిలో నవ్వు నా చెవుల్లోనే పడింది." ఆయన చెవి తడుముకున్నాడు. "అందరూ నవ్వార్లే, చిన్నపిల్లలు. కానీ ఒక నవ్వు అందరికన్నా ముందొచ్చింది. నీ నవ్వు నాకు తెలీదా కృష్ణా?"

అది శ్రీకృష్ణ తనకి తాను కూడా చెప్పుకోని నిజం. వాళ్లు నవ్వుతారేమోనన్న భయంతో, తను ఆ ముసలివాడి తరఫు మనిషినని ఎక్కడ అనుకుంటారోనని, ముందుగా తనే నవ్వాడు. చివరి వరసలో నిలబడి చెయ్యి ఎత్తాల్సినవాడు.

"మరి ఎందుకు ఊరుకున్నారు నాన్నా? ఒక్క మాట అనొచ్చు కదా!"

"నువ్వే చెప్తావేమోనని చూశాను. రోజూ కాఫీ దగ్గర చూశాను. పొద్దున గది దాకా వచ్చావు కూడా. నాకూ మొహం చెల్లలేదురా. కొడుకు నన్ను చూసి సిగ్గుపడ్డాడని నేనెట్లా మొదలుపెట్టను?"

శ్రీకృష్ణ ఏదో చెప్పబోయాడు. వివరం, కారణం, మీటరు ముల్లు, దర్శకుడు, అన్నీ చెప్పాలని చూశాడు. అవేవీ నోటి దాకా రాలేదు. ఛాతీలో ఉన్న గాలంతా ఏడుపుతో పోయాక, అడుగున మిగిలిన ఒక్క మాట బయటికొచ్చింది.

"క్షమించు నాన్నా."

భూలక్ష్మి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టాభిరామయ్య తల పంకించాడు.

"ఆ. అలాగ. అక్కడ ఊపిరి ఉండకూడదు."

ఏడుస్తూనే శ్రీకృష్ణకి నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగాడు. వాలు రోడ్డు మీద నడుచుకుంటూ పోయాడు. ఆగి ఉన్న కార్లు దాటాడు, టీ బండి దాటాడు, రోడ్డు మలుపు దగ్గర బండరాయి పక్కన ఆగి ఇటు తిరిగాడు. సాయంకాలపు ఎండలో మెట్ల మీద తండ్రి బొటనవేలంత కనపడుతున్నాడు.

"ఏంటి తాతయ్యా, నాన్న ఎక్కడికెళ్లాడు?" అంది మహతి.

పట్టాభిరామయ్యకి అర్థమైంది. మనవరాలి చెయ్యి వదిలాడు. కండువా సర్దుకోలేదు, గొంతు సవరించుకోలేదు. తన నాటకపు చిన్నకూతురు భూలక్ష్మి వైపు తిరిగి మోకరిల్లబోతే ఆవిడ ఆపింది. రాజు మాటలు నిలబడే చెప్పాడు. గట్టిగా కాదు. ఇంట్లో మనిషితో చెప్పుకున్నట్టు చెప్పాడు. టీ బండి దగ్గర కబుర్లు ఆగిపోయాయి. డ్రైవర్లు తలలు తిప్పారు. చివరి మాట దగ్గర ఊపిరి లేదు.

తర్వాత ఆయన దూరంగా మలుపు వైపు చూశాడు. ఏమీ అడగలేదు. ఒకసారి అడిగి నవ్వులపాలైన ప్రశ్న మళ్లీ అడగడానికి పెదవులు సాహసించలేదు.

అక్కడ రోడ్డు చివర నలభై తొమ్మిదేళ్ల కృష్ణ, వచ్చేపోయే కార్ల వాళ్లందరూ చూస్తుండగా, కుడిచెయ్యి తలపైకి ఎత్తాడు. తండ్రి చూశాడని తెలిశాక కూడా దించలేదు.