కీ.శే.లో రెండు చుక్కలు

"మా నాయిన బతికే ఉన్నడు! కండ్లు కనవడ్తలేవా నీకు?"

శ్రీహరి తన స్టిక్కర్ల దుకాణంలోంచి తల బయటపెట్టేసరికి సూర్యాపేట బజారు సగం అటే చూస్తోంది. అరిచిన పిల్ల ట్రాలీ ఆటో అద్దం మీద వేలు పెట్టి నిలబడి ఉంది. అక్కడ ఎర్రటి రేడియం అక్షరాలు, గంట కిందట తనే కోసి అంటించినవి: కీ.శే. గొర్ల నర్సయ్య, తుంగతుర్తి.

ఆ నర్సయ్య అప్పుడే దవాఖానలో డయాలసిస్ అయిపోయి, చేతికి పట్టీతో ట్రాలీలో కూర్చుని ఉన్నాడు.

ఓరి నా తెలివి తెల్లారిపోను! అనుకున్నాడు శ్రీహరి. పొద్దున ఎవరిదో వర్ధంతికి కోసిన ఫైలే మళ్లీ తెరిచి పేరు మార్చాడు. ముందున్న కీ.శే. తీయడం మరిచాడు.

"తప్పయింది కాకా, ఇప్పుడే పీకేస్త," అంటూ ట్రాలీ దగ్గరికి పరుగెత్తాడు.

నర్సయ్య భార్య సత్తమ్మ మెటికలు విరిచింది. "బతికున్న మనిషికి గిట్ల రాస్తరా? నీ చేతులిరగ!" అని కూతురి వైపు తిరిగింది. "స్వరూపా, నువ్వు మల్ల గీ దుకాణం మెట్టెక్కితె నా మీద ఒట్టే!"

"ఊకోవే! యముని కన్నా ముందుగాల వచ్చిండు పిలగాడు," అని నర్సయ్య నవ్వాడు. "అక్షరాలు మంచిగున్నయ్ బిడ్డా. గా ముక్క దాసిపెట్టు, పనికొస్తది."

శ్రీహరి దాన్ని జాగ్రత్తగా ఊడదీసి సొరుగులో పెట్టాడు.

వారానికి రెండుసార్లు స్వరూపే ట్రాలీ నడుపుకుంటూ తండ్రిని దవాఖానకు తీసుకొచ్చేది. ఆయన నాలుగు గంటలు మిషన్ మీద ఉంటే ఆమెకు కూర్చునే చోటు లేదు. ఒకరోజు వాన దంచికొడుతుంటే శ్రీహరి దుకాణం ముందు, సరిగ్గా మెట్టు కింద, సగం తడుస్తూ నిలబడింది.

"లోపలికి రారాదు?"

"ఒట్టున్నది గద. ఎక్కను."

శ్రీహరి స్టూలు తెచ్చి కింద వేసి, గొడుగు కట్టాడు. ఇక అదే ఆమె చోటు.

"గా మిషనెట్ల కోస్తది?" అని అడిగింది ఒకసారి.

"చెక్క చెక్కే మిషనే. దానికి బ్లేడు తగిలిచ్చిన. అది గిర్రున తిరగదు, మిషన్ ఎటు పోతె అటు ఎన్కెన్కనే ఈడ్సుకుంట పోతది. పై పొర తెగాలె, కింది కాగితం తెగొద్దు. మన తెలుగు గుండ్రంగుంటది, మంచిగ తెగుతది. చుక్క మాత్రం రాదు. బ్లేడు మలుపు తిరిగే లోపల్నే చినిగిపోతది."

"మరి మా నాయిన కీ.శే.ల చుక్కలు?"

"చేత్తోటి కోసిన."

"అంటె ఒక్కొక్క చుక్క చేత్తోటి కోస్తుంటె గూడ సోయి లేదు నీకు!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు కోసం శ్రీహరి ఆమె మళ్లీ వచ్చే రోజు దాకా ఎదురుచూశాడు.

వానలు వెనకబడి చలి దిగేసరికి నర్సయ్య పోయాడు.

శ్రీహరి తుంగతుర్తి వెళ్లాడు. వాకిట్లో సత్తమ్మ అతని మొహం చూసి ఒక్కటే మాట అంది: "నువ్వు రాసినట్టే అయింది గద బిడ్డా."

తిడితే తట్టుకునేవాడే. ఆ 'బిడ్డా' విని మాత్రం వాకిట్లోంచే వచ్చేశాడు. తిరిగొచ్చాక ఎవరు శ్రద్ధాంజలి పని తెచ్చినా లేదని పంపేశాడు. స్వరూప ఇక రాదని మనసుకు చెప్పుకున్నాడు. అది వినలేదు.

పదిహేను రోజులకు ట్రాలీ వచ్చి ఆగింది. స్వరూప దిగింది. చిక్కిపోయింది.

"కీ.శే. కావాలె."

"నా చేత్తోటి కొయ్యను, స్వరూపా. ఇంకో దుకాణంల అడుగు."

"నాయిన దాసిపెట్టమన్నడు గద?"

శ్రీహరి సొరుగు తెరిచాడు. పాత ముక్క ఉంది కానీ జిగురు చచ్చిపోయింది. కొత్త రేడియం పరిచి బ్లేడు దించాడు. చూసుకోకుండా లోతు ఎక్కువ పెట్టాడు, కింది కాగితం కూడా తెగింది. రెండోసారి పరుస్తుంటే పక్కన అలికిడైంది. స్వరూప మెట్టెక్కి లోపలికి వచ్చి నిలబడి ఉంది.

"మరి ఒట్టు?"

"అమ్మ తీసి గట్టున పెట్టింది. 'పాపం, ఆ పిలగాడు ఏం జేసిండు, ఊకెనే అన్న' అని ఏడ్సింది. మిషన్ల చుక్కలు రావని చెప్తె గిది ఇచ్చింది."

ఆమె పిడికిలి విప్పింది. బొట్టుబిళ్లల ప్యాకెట్. ఎర్రవి, గుండ్రటివి. అందులో సగమే వాడి ఉన్నాయి.

"తనకింక అక్కెర లేదన్నది."

శ్రీహరికి ఏడుపు ఆగలేదు. ఆమెకూ ఆగలేదు. అక్షరాలు తెగాయి. ఇద్దరూ కలిసి అద్దానికి అంటించి, కీ పక్కన ఒక బిళ్ల, శే పక్కన ఒక బిళ్ల పెట్టారు.

"వానొస్తె ఊడిపోతయ్," అన్నాడు మెల్లగా.

"ఊడితె మల్ల వస్త," అంది స్వరూప, కళ్లు తుడుచుకుంటూ. "ఊడకపోయినా వస్త."