స్కేలు మేడలో బీరువా

"ఇది దిగదండీ," అంది ఆమె.

"ఎక్కిందా లేదా?" అన్నాను.

"అంటే?"

"నాలుగో అంతస్తులో ఉందంటే ఎక్కినట్టే కదా. ఎక్కింది దిగుతుంది. మా పనిలో అదొక్కటే రూలు."

పొద్దున్నుంచి ఆ అమ్మాయితో నేను మాట్లాడిన మొదటి మాటలవే. కాస్త విసురుగానే అన్నాను. అప్పటికి ఆ మెట్లు పదకొండుసార్లు ఎక్కి దిగాను. పన్నెండోసారి ఎక్కే మనిషి తన మర్యాదని రెండో అంతస్తులోనే వదిలేసి వస్తాడు.

మాది ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే పని. నేనూ, మా మావయ్యా, ఒక వ్యానూ. ఆయన కొలుస్తాడు, నేను మోస్తాను.

ఆ ఇంటిని అందరూ స్కేలు మేడ అంటారు. రెండు పెద్ద బిల్డింగుల మధ్య ఏడడుగుల స్థలం మిగిలితే, ఎవరో పట్టుదల మనిషి అందులో ఐదంతస్తులు లేపాడు. గోడలు పోను లోపల ఐదున్నర అడుగులు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలాయి నాకు. అంతస్తుకి ఒక్కటే గది. మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. లిఫ్టు సంగతి అడక్కండి.

నాలుగో అంతస్తు గదిలో కిటికీ పక్కన కుర్చీలో వాళ్లమ్మ కూర్చుని ఉంది. మోకాళ్లు పాడై రెండేళ్లుగా ఆవిడ కిందికి దిగలేదట. అందుకే మెట్లే లేని ఇల్లొకటి వెతికి పట్టుకుంది కూతురు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"బీరువా వస్తే నేనొస్తా. అది రాకపోతే నేనూ రాను."

చెక్క బీరువా. నా అంత ఎత్తు, బరువులో నాకు రెండింతలు. మావయ్య మొదటి లోడు తీసుకుని కొత్తింటికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగొచ్చు. కానీ ఆగితే కూర్చుంటాను, కూర్చుంటే మళ్లీ లేవలేనని నాకు తెలుసు.

"మీరు పైనుంచి ఊరికే పట్టుకోండి. బరువంతా నాదే," అన్నాను.

గది తలుపు దాటింది. ఎనిమిది మెట్లు దిగింది. మలుపు దగ్గర కిర్రుమని ఆగిపోయింది. తోశాను. లాగాను. పైకీ రాదు, కిందికీ పోదు. రెండు గోడల మధ్య బిరడాలా బిగుసుకుంది. కింద నేను, పైన ఆమె.

"దిగిందా?" అడిగింది పైనుంచి.

"దిగుతోంది."

"రూలు చాలా నెమ్మదిగా పనిచేస్తోందండీ."

నాకు నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా ఓపిక లేక మెట్టు మీద కూలబడ్డాను. మావయ్యకి ఫోన్ చేస్తే, ట్రాఫిక్‌లో ఉన్నాడు, గంట పడుతుందన్నాడు. నన్ను తిట్టడానికి మాత్రం నిమిషం చాలింది.

బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందుంది. అందులోంచి చూస్తే ఒక కన్ను, సగం ముక్కు, చెవి మీద పడ్డ కాస్త జుట్టు కనిపించాయి. ఆ కన్ను కింద నల్లటి చార. నిద్ర చాలని కన్ను. అయినా చాలా బాగుంది.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఎంత ఇరుక్కుందో కొలుస్తున్నా."

"మంచినీళ్లు కావాలా?"

సందులోంచి బాటిల్ వచ్చింది. చెయ్యి చాపాను. బాటిల్ ఇవ్వకుండా ఆ కన్ను నా ముంజేతి మీదే ఆగిపోయింది.

"ఎంత మంచి నరమండీ! ఈ నెలలో ఇలాంటిది చూళ్లేదు."

"ఏంటీ?"

"ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీస్తాను. రోజుకి తొంభై చేతులు. సగం మందికి నరమే దొరకదు."

నన్ను మెచ్చుకున్నవాళ్లే తక్కువ. ఇక నా నరాన్ని మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. బాటిల్ అందుకుని నీళ్లు తాగాను.

"ఇవాళ సెలవా?" అడిగాను.

"ఈ ఒక్కరోజే ఇచ్చారు. ఇవాళ మారకపోతే మళ్లీ ఎప్పుడో."

బయట సన్నగా వాన మొదలైనట్టుంది, మెట్ల కిటికీ మీద చినుకుల చప్పుడు. ఆమె గొంతు తగ్గించింది.

"మీకొకటి చెప్పనా? ముఖం కనపడట్లేదు కాబట్టి చెప్తున్నా. అలిసిపోయానండి. పని నుంచి వచ్చి కింద నిలబడి పైకి చూస్తే ఏడుపొస్తుంది. నీళ్ల క్యాను, కూరలు, అమ్మ మందులు, అన్నీ మోసుకుని ఎక్కాలి. ఏదో ఒకటి మర్చిపోయి మళ్లీ దిగుతాను. ఒకరోజు మూడో అంతస్తు మెట్ల మీదే నిద్రపోయాను. అమ్మకి బస్సు లేటయిందని చెప్పా."

అయ్యో అనాలనిపించింది. మెట్లెక్కి అలిసిపోయిన మనిషికి ఆ మాట దేనికి పనికొస్తుంది?

అప్పుడు పైన ధప్‌మని చప్పుడైంది. మళ్లీ ధప్.

"అమ్మా! ఏం చేస్తున్నావ్?"

వాళ్లమ్మ కుర్చీ వదిలేసింది. మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ దిగుతోంది. చేతిలో కొయ్య సుత్తి.

"బాబూ, ఆ బీరువా ఎక్కలేదు," అంది ఆవిడ ఆయాసపడుతూ. "పలకలు ఎక్కాయి. బీరువా ఆ గదిలోనే తయారైంది. నేనే చేశా. నాకు వడ్రంగి పని మా నాన్న నేర్పాడు. ఈ పిల్ల పుట్టకముందు మాట."

నా రూలు అక్కడే చచ్చిపోయింది.

"అంటే ఇరుక్కుంటుందని నీకు ముందే తెలుసా?" అంది కూతురు. "తెలిసే చూస్తూ కూర్చున్నావా?"

"తెలుసు. ఇరుక్కుంటే ఈ మారడం ఆగిపోతుందనుకున్నా. ఈ గది వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పలేదే."

"అమ్మా..."

"అలిసిపోయానని ఆ అబ్బాయికి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వేం చేస్తావు?"

"దిగేదాన్ని."

ఆ తర్వాత పైన ఇద్దరూ ఏడ్చారు. నేను కింద కూర్చుని, వినపడనట్టు గోడ గీకుతూ ఉన్నాను.

కాసేపటికి ముక్కు ఎగబీల్చి ఆవిడ పని చెప్పడం మొదలుపెట్టింది. అందులో ఇనుప మేకు ఒక్కటీ లేదు, అన్నీ కొయ్య చీలలే. "ఎడమ పక్క మూడోది ముందు కొట్టు. అది కాదు, నీ ఎడమ కాదు, నా ఎడమ!" పైనుంచి సుత్తి దెబ్బ, కిందనుంచి నా దెబ్బ. ఒక్కో పలకా ఊడి చేతికొస్తుంటే, ఆమె కొంచెం కొంచెంగా కనిపించింది. ముందు రెండో కన్ను, తర్వాత చెక్కపొడి అంటిన బుగ్గ, చివరికి మనిషంతా.

"ఏంటలా చూస్తున్నారు?" అంది మళ్లీ.

ఈసారి కొలతల అబద్ధం చెప్పలేకపోయాను. "మిమ్మల్నే," అన్నాను.

మావయ్య వచ్చాడు. పలకలన్నీ దింపాక, చివర్న వాళ్లమ్మని కుర్చీతో సహా మేమిద్దరం దింపాం. కింద ఆవిడ తల వెనక్కి వంచి, రెండేళ్ల తర్వాత తన కిటికీని బయట నుంచి చూసుకుంది. "ఇంత సన్నగా ఉంటుందా మన ఇల్లు!" అంది.

కొత్తింటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. పలకలు గోడకి ఆనించాం. లోపల ఆవిడ మంచం మీద వాలింది. గుమ్మంలో ఆమె, ఆమె పక్కన నేను. తల గోడకి ఆనించి కళ్లు మూసుకుంది. మావయ్య వ్యాను హారన్ కొడుతున్నాడు. లేవాలి, కానీ కాళ్లు లేవట్లేదు. కాళ్ల తప్పే కాదు అది.

"బీరువా బిగించడానికి ఆదివారం వస్తాను," అన్నాను. పలకలేదు. "నిజానికి బీరువా కోసం కాదు. మీరు నాకు బాగా నచ్చారు. ఏదైనా మోయాల్సి వస్తే ఇకనుంచి ఇద్దరం మోద్దాం అనిపించింది. అంతే."

చప్పుడు లేదు. నిద్రపోయింది, ఇంకేం!

లోపలి నుంచి వాళ్లమ్మ గొంతు. "అది పడుకుందిలే బాబూ. నేను విన్నా. ఆదివారం వచ్చి మళ్లీ చెప్పు."

సిగ్గుతో లేచాను. అప్పుడు ఆమె ఒక్క కన్నే తెరిచింది. నాకు బాగా తెలిసిన కన్నే.

"పొద్దున్నే రండి," అని మళ్లీ మూసుకుంది.