మడి చుట్టూ ఇటుకలు

"నా వంపు ఏదండీ?"

పార పట్టుకుని పెరట్లో నిలబడ్డ పళ్ళ డాక్టరమ్మ ఇలా నిలదీసేసరికి, మేడమీద కొత్తగా అద్దెకి దిగిన కళ్ళద్దాల షాపు అబ్బాయి తెల్లమొహం వేశాడు.

"ఏ వంపండీ?"

"పూలమొక్కల మడి చుట్టూ పైపు పరిచాను కదా! పొద్దుట్నుంచీ అటు జరిపి, ఇటు జరిపి తెచ్చిన వంపు. దాని వెంటే గాడి తవ్వి ఇటుకలు పెట్టాలి. మంచినీళ్ళు తాగొచ్చేసరికి మాయం!"

అతని చూపు కుళాయి వైపు వెళ్ళింది. రబ్బరు పైపు అక్కడ చుట్టలు చుట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఎంత ముచ్చటగా చుట్టాడో!

"ఎవరైనా తట్టుకుని పడతారేమోనని... హెల్ప్ చేద్దామని..." నసిగాడు.

"భలే చేశారు హెల్పు!"

వరండాలో, మోకాళ్ళ నొప్పులతో కుర్చీకి అతుక్కుపోయిన ఆమె నాన్న పకపకా నవ్వారు. కసురుకోబోయిన ఆమెకీ నవ్వాగలేదు.

చేసిన తప్పుకి శిక్షగా అతను రోజూ సాయంత్రం షాపు నుంచి రాగానే గాడి తవ్వేవాడు. ఆమె అందులో ఇసుక పోసి, ఇటుకలు నిలబెట్టి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టేది. లాన్‌లోంచి గడ్డి పాకి గులాబీల మొదళ్ళ దాకా వచ్చేసింది మరి, దానికే ఈ అడ్డు.

"మేస్త్రీని పిలిస్తే పోయేది కదా?" అన్నాడు ఒకసారి.

"అమ్మ పోయాక ఈ మడి నేనే చూసుకుంటున్నా. ఇంకొకళ్ళ చెయ్యి పడితే నాకు నచ్చదు."

"మరి నా చెయ్యి?"

"అది చెయ్యి కాదు, శిక్ష!"

అలా అంటూనే, మేడమెట్ల మీద అతని చెప్పుల చప్పుడు కోసం క్లినిక్ నుంచి తొందరగా వచ్చేయడం అలవాటు చేసుకుంది. ఆ సంగతి ఆమె కన్నా ముందు నాన్న కనిపెట్టారు.

ఒక సాయంత్రం, "ఈ పక్క నేను పెడతాను" అని అతనే ఇటుకలు పెట్టాడు. అతను పైకి వెళ్ళాక చూస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి. వంకర పళ్ళు సరిచేయడమే వృత్తిగా బతికే మనిషి ఊరుకుంటుందా? అన్నీ పీకి మళ్ళీ పెట్టింది. చేతులు దులుపుకుంటూ తలెత్తితే, మేడమీద పిట్టగోడ దగ్గర టీ కప్పుతో అతను. చూశాడు. చిన్నగా నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"పైన అబ్బాయి షాపు దగ్గర గది వెతుక్కుంటున్నాడట" అన్నారు నాన్న.

"నేనేం చేశాను? వంకరగా ఉంటే సరిచేశాను, అంతేగా!"

"నేను కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతావు. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడతావు. నేనంటే కన్నవాణ్ణి, పడుంటాను. అతనికేం ఖర్మ?" నాన్న గొంతు తగ్గించారు. "నీ పక్కన ఎవరైనా ఉండాలంటే, వాళ్ళు చేసింది కాస్త ఉండనివ్వాలి కదమ్మా."

ఆమె పెరట్లోకి వెళ్ళి తన ఇటుకల వరస చూసుకుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అతను వెళ్ళిపోతే తనకి మిగిలేది ఇదేనని తోచి, ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున సన్నగా చినుకులు పడుతున్నాయి. ఇంకో మడి పక్కన పైపు పడేసి, మేడవైపు తిరిగి కేకేసింది.

"ఏమండోయ్ కళ్ళద్దాలూ! ఒకసారి దిగండి!"

దిగాడు. పైపు వైపు చూశాడు. "చుట్టెయ్యాలా?"

"వద్దు. ఈ మడికి వంపు మీరే వెయ్యండి. ఇటుకలూ మీరే పెట్టండి."

"నేను పైకి వెళ్ళాక మీరు..."

"ముట్టను. ఒట్టు."

అతను వేసిన వంపు చూస్తే ఆమె చేతులు దురద పెట్టాయి. రెండూ వీపు వెనక కట్టేసుకుంది. ఇటుకలు పెట్టాడు. వాటిలో ఒకటి ఎత్తుపన్నులా నిక్కి చూస్తోంది.

"అది వంకరగా ఉంది కదూ?" అడిగాడు అనుమానంగా.

"ఉంది."

"తియ్యనా?"

"ఉండనివ్వండి. మీరు కూడా... ఉండండి. ఆ గది గిదీ వెతకొద్దు. మీరు లేకపోతే నాకు బాగోదు."

అతను తడిసిన కళ్ళద్దాలు తీసి, చొక్కాతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇప్పుడు మళ్ళీ చెప్పండి."

"వినపడలేదా?"

"వినపడింది. అది చెప్పేటప్పుడు మీ మొహం కనపడలేదు. షాపులో కూర్చుని రోజూ ఆ మొహమే తలుచుకునేవాడికి ఎంత నష్టం చెప్పండి!"

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి అతను కళ్ళార్పలేదు.

"వానలో నానింది చాలు, లోపలికి రండి ఇద్దరూ!" వరండాలోంచి నాన్న కేకేశారు. ఆ 'ఇద్దరూ' ఆయన కాస్త గట్టిగానే అన్నారు.

లోపలికి నడుస్తూ ఆమె వెనక్కి తిరిగి ఆ ఇటుకని చూసింది. మడమతో ఒక్క తొక్కు తొక్కితే సర్దుకుంటుంది.

తొక్కలేదు. అతని చెయ్యి పట్టుకుని వరండా మెట్లెక్కింది.